భూలక్ష్మక్క పేజీకి వచ్చిన మూడు కామెంట్లు

అది 2023 ఎండాకాలం. శంషాబాద్ పాత రోడ్డు మీద, టైర్ల షాపు పైన ఒక గది కిరాయికి తీసుకుని పని చేసుకుంటున్నాను. నా వృత్తి ఏమిటో మా అమ్మకు ఇప్పటికీ సరిగ్గా చెప్పలేను. తెనాలి నుంచి వచ్చి మైలార్‌దేవ్‌పల్లిలో స్థిరపడ్డ కుటుంబం మాది. చుట్టాలు అడిగితే అమ్మ "మావాడు ఫోన్లో ఏదో చేస్తాడండీ" అంటుంది. నిజం చెప్పాలంటే అంతకన్నా బాగా నేనూ చెప్పలేను. డాక్టర్లు, ప్లాట్లు అమ్మేవాళ్లు, యోగా నేర్పేవాళ్లు తమ పేరు మీద పెట్టుకునే సోషల్ మీడియా పేజీలను నేను నడుపుతాను. దీన్ని పర్సనల్ బ్రాండ్ అంటారు. అక్కడ అమ్మేది సరుకు కాదు, మనిషి. వీడియో ఎంతమందికి చేరిందన్నది రీచ్. చేరినవాళ్లలో ఎంతమంది లైక్ కొట్టారు, కామెంట్ రాశారు, ఇంకొకరికి పంపారన్నది ఎంగేజ్‌మెంట్. ఈ రెండోది పెంచడమే నా కూడు.

భూలక్ష్మక్కను నా దగ్గరికి పంపింది ఒక క్యాబ్ డ్రైవరు. తొండుపల్లి మలుపులో, ఎయిర్‌పోర్టుకు పోయే దారి పక్కన, ఆమె బండి మీద జొన్నరొట్టెలు చేసి అమ్మేది. యాభై దాటిన మనిషి, భర్త పోయాడు. గిరాకీ అంతా డ్రైవర్లే. పక్కింటి అమ్మాయి సరదాకు ఆమె పేరుతో ఒక పేజీ తెరిచి, రొట్టె కొడుతుండగా తీసిన వీడియోలు నాలుగు పెట్టి, పెళ్లయి అత్తగారింటికి పోయింది. ఆ పేజీ ఉన్న తన ఫోను కొంగులో చుట్టుకుని తెచ్చి నా బల్ల మీద పెట్టింది అక్క.

"ఇది నడుపుతవా సారూ? నాకు సదువు రాదు. ఎవలేం రాస్తున్నరో తెల్వదు."

"నడపొచ్చక్కా. దేనికి మరి? బండికి గిరాకీ పెరగాలా?"

"గిరాకీకేం తక్కువ లేదు. నా చెల్లె చూడాలె."

మొదటి రోజే, నీళ్లు నమలకుండా, ఉన్నదున్నట్టు చెప్పేసింది. చెల్లెలి పేరు సుగుణ. తల్లీ తండ్రీ లేరు, అన్నదమ్ములు లేరు. అందుకని అక్క ఇల్లే ఆ పిల్లకు పుట్టిల్లు. పెళ్లయిన ఆడపిల్లను పుట్టింటికి పిలిచి, చీర పెట్టి, పసుపు కలిపిన బియ్యం ఒళ్లో పోసి పంపడం ఇక్కడ పెద్ద ముచ్చట. ఒడిబియ్యం అంటారు. ఏడేళ్ల కింద అలా పిలిచిన రోజునే ఈవిడ భర్తకూ ఆ పిల్ల భర్తకూ మాటా మాటా పెరిగింది.

"కోపంల నేను బియ్యం గంపను తీస్కపోయి లోపల పెట్టిన" అంది అక్క. "అది గడప కాడ నిలవడి చూసింది. జరసేపు చూసింది. ఉత్త ఒడితోని పోయింది. ఇంట్ల పుట్టిన పిల్లను గట్ల పంపిన. వాళ్లు ఇండ్లు కట్టే పనికి ఊర్లు పట్టుకొని తిరిగేటోళ్లు. ఫోన్ నంబర్లు మారినయి. ఇగ దొరకలే."

"లక్షమంది చూస్తే అందులో మీ చెల్లెలు ఉండదా అక్కా" అన్నాను. ఆ మాట నేను ప్రతి గిరాకీకీ ఏదో ఒక రూపంలో చెప్పేదే. అక్క మాత్రం నమ్మింది. ఆ రోజు నుంచి సారూ అనడం మానేసి తమ్మీ అనడం మొదలుపెట్టింది.

పని మొదలైంది. మొదటి మూడు సెకన్లలో చూసేవాణ్ణి పట్టుకునేదాన్ని మేం హుక్ అంటాం. అక్క విషయంలో దాని కోసం వెతకనక్కర్లేదు. పిండి ముద్ద మీద అరచేయి పడే చప్పుడే హుక్. రొట్టె తిప్పుతూ డ్రైవర్లను చీవాట్లు పెట్టేది: "నిద్రమొకంతోని బండి నడపకు, ఇంటికాడ నీ పెండ్లం నాకు చెప్పింది." ఆ డ్రైవరుకు పెళ్లే కాలేదు. జనం ఎగబడి చూశారు.

వారానికి సరిపడా వీడియోలన్నీ ఒకే రోజు తీసి పెట్టుకోవడాన్ని బ్యాచ్ షూట్ అంటాం. నాకు ఆదివారం వీలు. కాబట్టి ఆదివారాలు బండి మూసేసి నా గదికి రమ్మన్నాను.

"ఐతారం డ్రైవర్లు ఉపాసముంటరా తమ్మీ?" అంది.

"ఒక్క రోజుకు ఏం కాదక్కా. పేజీ పెరగాలంటే పద్ధతి ఉండాలి" అన్నాను. పద్ధతి అనే మాటకు ఆమె ఎదురు చెప్పేది కాదు. చదువుకున్నవాడు చెప్పాడు కదా అని ఆదివారాలు బండి మీద పట్టా కప్పేసింది.

పేజీ పెరిగింది. చెల్లెలి జాడ మాత్రం లేదు. వచ్చిన ప్రతిసారీ "ఏమన్న రాసిందా?" అని అడిగేది. మూడు నెలలు గడిచాక నేనే ఒక ఆలోచన చెప్పాను. చెల్లెలి సంగతి వీడియోలో చెప్పండక్కా, ఏడుపు ఉన్న కథ కార్చిచ్చులా పోతుంది అని. ఈ ముక్క ఇప్పుడు రాస్తుంటే నా మీద నాకే చిర్రెత్తుకొస్తోంది.

"ఇంటి ముచ్చట బజార్ల పెట్టుడా?" అని రెండు వారాలు ఒప్పుకోలేదు. ఆఖరికి ఒప్పుకుంటూ ఒక షరతు పెట్టింది. "దాని పేరు మాత్రం చెప్ప. దాని పరువు దానికుంటది."

పేరు లేకుండానే తీశాం. ఆమె ఏడవలేదు. పిండి కలుపుతూ, ఒడిబియ్యం రోజు ఏం జరిగిందో మామూలు గొంతుతో చెప్పింది, అంతే. నేను పెట్టిన వీడియోలన్నిటిలోకీ ఎక్కువ మంది చూసింది అదే. ఎంగేజ్‌మెంట్ గీత గోడెక్కినట్టు ఎక్కింది. నేను ఆ స్క్రీన్ ఫోటో తీసి ఇద్దరు ముగ్గురు కొత్త గిరాకీలకు కూడా పంపుకున్నాను.

దాని వెనకే "అక్కా, నేనే నీ చెల్లెను" అంటూ కామెంట్లు కుప్పలుగా వచ్చిపడ్డాయి. సగం వెకిలి వేషాలు, సగం పనిలేని వాళ్లు. వాటిలో ఒకటి మాత్రం నిజంలా కనిపించింది. ఆడమనిషి పేరుతో ఉన్న ఖాతా. "హిమాయత్ సాగర్ కట్ట మీదికి రా అక్కా, నిన్ను చూడాలనుంది" అని రాసింది. నీ పేరేమిటమ్మా అని ఒక్క మాట అడిగి ఉంటే తేలిపోయేది. నేను అడగలేదు. ఎందుకు అడగలేదో దాచుకోను. అక్కాచెల్లెళ్లు కలుసుకునే వీడియో నా కళ్ల ముందు ఆడుతోంది. కెమెరా బ్యాటరీ ఛార్జి చేసుకుని బయల్దేరాను.

అక్క ఉతికిన చీర కట్టుకుని, సంచిలో పసుపు కలిపిన బియ్యం, కొబ్బరి కుడుకలు, రవికె గుడ్డ పెట్టుకుని వచ్చింది. కట్ట మీద గంటన్నర నిలబడ్డాం. అప్పుడు చెట్ల చాటు నుంచి ఇద్దరు కుర్రాళ్లు ఫోన్లు ఎత్తి పట్టుకుని నవ్వుకుంటూ వచ్చారు. "ప్రాంక్ అక్కా, ప్రాంక్" అన్నారు. నేను వాళ్ల మీదికి పోయాను. వాళ్లు నన్ను కూడా వీడియో తీసి బైకెక్కి పోయారు.

ఆటోలో వస్తుంటే అక్క అడిగింది. "ప్రాంక్ అంటే ఏంది తమ్మీ?"

"ఆటపట్టించడం అక్కా."

"గంతేనా" అని సంచి ఒళ్లో పెట్టుకుంది.

మా పనిలో ఫిల్టర్ అని ఒక సదుపాయం ఉంది. మనం కొన్ని మాటలు రాసి పెడితే, ఆ మాటలున్న కామెంట్లు పేజీ మీద కనపడవు. వేరే పెట్టెలోకి పోతాయి. సాధారణంగా బూతుల కోసం వాడతాం. ఆ రోజు కోపంతో దానిలో "చెల్లె" అని పెట్టాను. "చెల్లి", "చెల్లెలు", ఇంగ్లీషు అక్షరాల్లో ఎన్ని రకాలుగా రాస్తారో అన్నీ పెట్టాను. అక్కకు చెప్పాను, ఇక ఇలాంటి వెధవ వేషాలు పేజీ మీదికి రావని.

ఆమె ఒక్కటే అడిగింది. "మరి నిజంగ నా చెల్లెనే రాస్తే?"

"ఆ పెట్టె నేను రోజూ చూస్తానక్కా. మీకెందుకు బెంగ" అన్నాను.

చూశాను. పదిహేను రోజులు చూశాను. అంతా చెత్తే. తర్వాత రెండు రోజులకోసారి, తర్వాత వారానికోసారి. తర్వాత మానేశాను. అక్క మాత్రం అడగడం మానలేదు. "ఏమన్న వచ్చిందా?" అంటే నేను ఫోన్ వైపు కూడా చూడకుండా "లేదక్కా" అనేవాణ్ణి. ఎన్నిసార్లు అన్నానో లెక్క లేదు. ఆ రెండు ముక్కలూ ఇప్పుడు నన్ను తింటున్నాయి.

మరుసటి ఎండాకాలం వచ్చింది. ఒక ఆదివారం కొత్త రకం వీడియో పెట్టుకున్నాం. వచ్చిన కామెంట్లు నేను చదవడం, అక్క జవాబులు చెప్పడం. ఎంగేజ్‌మెంట్ పెంచడానికి ఇంతకు మించిన మందు లేదు. మన కామెంట్ చదువుతారేమోనని ప్రతివాడూ రాస్తాడు. నవ్వొచ్చేవి ఏరి పెట్టుకున్నాను. పొద్దున పదింటి నుంచి సాయంత్రం ఐదు దాకా సాగింది. "అక్కా, మా ఆవిడ రొట్టె గుండ్రంగా చెయ్యదు" అని ఒకడు రాస్తే, "నువ్వు గుండ్రంగ తిను, అదే సర్దుకుంటది" అంది. ఇద్దరం బాగా నవ్వుకున్నాం. మధ్యాహ్నం పెరుగన్నం తెప్పించుకుని తిన్నాం.

తొమ్మిది రోజుల తర్వాత, ఒక మంగళవారం, ఒక డాక్టరు గారి పేజీకి బూతుల ఫిల్టర్ పెట్టాల్సి వచ్చింది. ఏయే మాటలు పెట్టాలో చూసుకుందామని అక్క పేజీలో ఆ పెట్టె తెరిచాను. చెల్లెలి కోసం తెరవలేదు. అది కూడా చెప్పాలి.

అన్నిటికన్నా పైన, ఒకే ఖాతా నుంచి, ఆ ఆదివారం తేదీతో మూడు కామెంట్లు ఉన్నాయి.

మొదటిది: "అక్కా నేను నీ చెల్లెను సుగుణను. కువైట్ పోతున్న ఇంట్ల పనికి. ఈ పొద్దు సాయంత్రం విమానం. ఎయిర్‌పోర్ట్ కాడికి వచ్చిన. నీ నంబర్ లేదు. ఇది పక్కామె ఫోను, ఆమెనే రాస్తున్నది."

రెండోది గంట తర్వాత: "నువ్వు రొట్టెలు చేసే కాడికి ఆటోల పోయి వచ్చిన. బండి మీద పట్టా ఉన్నది. ఐతారం రావట. నేను నీ చెల్లెనని చెప్పినా ఎవలు నమ్ముతలేరు."

మూడోది: "నాలుగింటి దాక గేటు బయట ఉంట. నీ మీద కోపం లేదు అక్కా. దేశం కాని దేశం పోతున్న, నీ చెల్లెకు ఒళ్లె గుప్పెడు బియ్యం పోసి పంపు."

పేరు ఉంది. లోకంలో ఇంకెవరికీ తెలియని పేరు, నేనూ అక్కా దాచిన పేరు, నా కళ్ల ముందు ఉంది. ఆ పేరున్న కామెంట్ ఒక్కటి వస్తే ఫోన్ మోగేలా పెట్టుకోవడం రెండు నిమిషాల పని. నాకు తట్టలేదు. బూతులను ఆపడం తెలిసినవాడికి పేరును పట్టుకోవడం తెలియలేదు. ఎనిమిదేళ్లుగా ఇదే పని చేస్తున్నానని చెప్పుకునేవాణ్ణి.

ఆ ఖాతాకు వెంటనే రాశాను. జవాబు లేదు. ఆ రోజు అక్కకు చెప్పలేదు. చెప్పకుండా ఉండిపోతే ఏమవుతుంది, ఆమెకు చదువు రాదు కదా, అనే ఆలోచన కూడా వచ్చింది. వచ్చినందుకు సిగ్గుపడుతున్నాను, కానీ వచ్చింది.

మర్నాడు పొద్దున్నే బండి దగ్గరికి వెళ్లాను. డ్రైవర్లు ఇంకా రాలేదు. అక్క పెనం మీద రొట్టె వేసి, తడి చేత్తో దాని మీద నీళ్లు రాస్తోంది.

"అక్కా, సుగుణ రాసింది" అన్నాను.

చెయ్యి ఆగింది. "చదువు."

మూడూ చదివాను. తేదీ కూడా చెప్పాను. పెనం మీద రొట్టె మాడింది, ఇద్దరం తీయలేదు.

"మల్ల చదువు."

మళ్లీ చదివాను. "గేటు బయట ఉంట" అన్న చోట ఆమె ఎయిర్‌పోర్టు వైపు తల తిప్పింది. అక్కడి నుంచి ఆటోలో పది నిమిషాల దారి. నా గది నుంచైనా అంతకన్నా పెద్దగా ఎక్కువ కాదు.

"నాలుగింటి దాక ఉన్నదా?"

"ఉంటానని రాసిందక్కా."

మళ్లీ అడిగింది. "గప్పుడు మనమేం చేస్తున్నం తమ్మీ?"

చెప్పాలి కాబట్టి చెప్పాను. "కామెంట్లు చదువుకుంటున్నాం అక్కా."

తిడుతుందనుకున్నాను. తిట్టాలని కూడా కోరుకున్నాను. తిడితే ఏదో ఒకటి తీరిపోయేది. ఆమె మాడిన రొట్టెను గరిటెతో తీసి పక్కన పెట్టి, పొయ్యి ఆర్పి, స్టూలు మీద కూర్చుంది.

"తప్పు నాదే అక్కా. రోజూ చూస్తానని మాటిచ్చి చూడలేదు. మీరు అడిగినప్పుడల్లా అబద్ధం చెప్పాను."

"నీ తప్పు నీకున్నది, అది నీతోనే ఉంటది" అంది. "నాది నాకున్నది. మొదలు గంప లోపల పెట్టింది నేను." అప్పుడు ఏడ్చింది. కొంగు నోట్లో కుక్కుకుని, రోడ్డు వైపు వీపు పెట్టి ఏడ్చింది. నేనూ ఏడ్చాను. మొదటి క్యాబ్ వచ్చి ఆగి, మమ్మల్ని చూసి, హారన్ కొట్టకుండా వెళ్లిపోయింది.

పది రోజులకు ఆ ఖాతా నుంచి జవాబు వచ్చింది. సుగుణతో పాటు అదే విమానంలో వెళ్లిన ఒకావిడది ఆ ఫోను. రాసింది ఇంతే: "దిగినంక ఎవల సేటు వాళ్లను తీస్కపోయిండు. ఆమె ఏ ఇంట్ల ఉన్నదో నాకెర్క లేదు. ఆమెకు ఫోను లేదు. ఆ దినం గేటు కాడ వచ్చిన ప్రతి ఆటోల తొంగి చూసింది. లోపలికి రమ్మని నేనే రెండుసార్లు పిలిచిన." ఇది కూడా అక్కకు చదివి వినిపించాను. ఏజెంటును పట్టుకున్నాం, అతను ఇంకో ఏజెంటు పేరు చెప్పాడు, ఆ ఇంకొకడు ఫోన్ ఎత్తలేదు. దరఖాస్తులు పెట్టాం. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడం అంటే ఏమిటో ఆ నెలల్లో తెలిసింది.

పేజీ మూసేద్దామా అని అడిగాను. అక్క నా వైపు పిచ్చివాణ్ణి చూసినట్టు చూసింది. "మూస్తే అది యాడ రాయాలె?" అంది. ఆదివారాలు బండి తెరవడం మొదలుపెట్టింది. ఫిల్టర్ తీసేయమంది. తీసేశాను. బూతుల ఫిల్టర్ కూడా తీసేయమంది. వద్దక్కా, ఘోరంగా రాస్తారని చెప్పాను. వినలేదు. ఇక నేను ఏరి చదవడానికి వీల్లేదు. వచ్చినవన్నీ వచ్చిన వరుసలో చదవాలి. ఇదీ కొత్త ఒప్పందం.

ఈ పనిలోకి కొత్తగా వచ్చేవాళ్లు నన్ను ఎంగేజ్‌మెంట్ ఎలా పెంచాలని అడుగుతుంటారు. చెబుతాను, హుక్ గురించి, వేళల గురించి, అన్నీ. ఆ తర్వాత ఒక మాట చెబుతాను. మీ దగ్గరికి వచ్చిన మనిషి ఎవరి కోసం మాట్లాడుతున్నారో మొదటి రోజే అడగండి, ఆ ఒక్కరూ వచ్చే దారిని మీ చేత్తో మూయకండి. రాసుకుంటారు. ఎంతమందికి అర్థమవుతుందో తెలియదు. నాకు అక్క చెప్పింది కదా, మొదటి రోజే, నా బల్ల ముందు కూర్చుని. నాకూ అర్థం కాలేదు.

రోజూ పొద్దున ఆరున్నరకు బండి దగ్గరికి వెళ్తాను. ఆమె పిండి కలుపుతుంది, నేను చదువుతాను. రెండేళ్లు కావస్తోంది. మొన్న ఒకడు ఆమె వయసు మీద, ఒంటి మీద నానా మాటలు రాశాడు. చదవలేక దాన్ని దాటేసి కిందిది మొదలుపెట్టాను. వేలు రెండుసార్లు జరపడం చూసిందో, గొంతు తడబడడం విందో తెలియదు. పిండిలో చేతులు అలాగే ఉంచి, "ఒకటి ఇడిసిపెట్టినవు" అంది.

"అది మంచిది కాదక్కా."

"చదువు తమ్మీ."

ఆమె ముఖం చూడకుండా, అక్షరం వదలకుండా, మొదటి నుంచి చివరి దాకా చదివాను. ఆమె చివరి దాకా విన్నది.

"ఇది కాదు" అంది. "ఇంకోటి చదువు."